సక్రం కనపడాలె

మొన్న కోదాడ నుంచి సూర్యాపేటకు వస్తుంటే, మునగాల దాటాక మా బస్సును ఒక లారీ దాటిపోయింది. లారీ అనకూడదేమో. ముందొక ఇంజను, దాని వెనక రెండు ఇనుప దూలాలు, కింద చక్రాలు, అంతే. తలుపుల్లేవు, టాపు లేదు, తొట్టి లేదు. బాడీ కట్టించడానికి తోలుకుపోతున్న కొత్త చాసిస్ అది. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, మూతికీ చెవులకీ తువ్వాలు బిగించి కట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని మహా దర్జాగా పోతున్నాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి "చక్రం కనపడుతోంది! చక్రం కనపడుతోంది!" అని అరిచాను. పక్కసీటావిడ తన పిల్లను అవతలికి జరుపుకుంది. డెబ్బై దాటిన ముసలమ్మ ఉన్నట్టుండి అలా అరిస్తే ఎవరైనా అంతే చేస్తారు. ఆవిడ తప్పేం లేదు.

ఆవిడకు మిస్త్రీ తెలియదు కదా.

అతని పేరు నాకు చాలాకాలం తెలియలేదు. తెలిశాక కూడా ఆ పేరుతో పిలవలేదు. సూర్యాపేటలో అందరికీ మిస్త్రీయే. పోలీసు చర్య జరిగిన ఏడాది నేను సర్కారు దవాఖానలో నర్సుగా చేరాను. పుట్టింది కోదాడలో, చదువూ శిక్షణా బెజవాడ మిషన్ ఆసుపత్రిలో. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, నోరు మాత్రం నలభై ఏళ్లది. దవాఖానకు ఎదురుగా రేకుల షెడ్డు, అందులో ఒక సేటుగారి నాలుగు బస్సులు, ఆ బస్సులకు ఈ మిస్త్రీ.

పెట్రోలుకు అప్పుడు రేషను. అందుకని సేటు బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక పీపా అంత పొయ్యి, దానికి చేత్తో తిప్పే గాలిమర. అరగంట తిప్పితే బొగ్గు రాజుకుని, ఆ వాయువు ఇంజనుకు ఎక్కి, బస్సు మూలుగుతూ కదిలేది. చిన్న ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడవాల్సిందే. కొందరు ముందే నడిచి వెళ్లి, ఎత్తు మీద కూర్చుని చుట్ట తాగుతూ బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు. ఇలాంటి బస్సుల్ని బాగుచేసే మనిషి పొద్దున లేస్తే గంటకు నూట యాభై మైళ్లు పోయే పందెం కార్ల గురించి మాట్లాడేవాడు.

మొదటిసారి దవాఖానకు వచ్చింది చెయ్యి కాల్చుకుని. నేను కట్టు కడుతుంటే నొప్పి సంగతి మరిచిపోయి, నా జాకెట్టుకు పిన్నుతో వేలాడే గడియారాన్నే చూస్తున్నాడు. నర్సులకు ఇచ్చే గడియారం అది, సెకన్ల ముల్లు కూడా ఉంటుంది.

"గిది సెకండ్లు గూడ సూపెడ్తదా, నర్సమ్మ?"

"చూపిస్తుంది. కదలకుండా ఉండు."

"మీకు ఇంగ్లీషు సదువొస్తదా?"

"వస్తుంది. కదలొద్దన్నానా!"

"గట్లయితె నా పని అయినట్టే" అన్నాడు. నాకు పని పడిందని అప్పటికి తెలియలేదు.

మర్నాడు రేకు పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. ముందు కుంకుడు నురుగుతో చేతులు కడిగాడు. గోళ్ల సందుల్లో నూనె పోయిందో లేదో ఎండలో పెట్టి చూసుకున్నాడు. అప్పుడు పెట్టె తెరిచాడు. లోపల ఇంగ్లీషు మోటారు పత్రికలు రెండు. పోలీసు చర్యప్పుడు మిలిటరీ వాళ్లు బెజవాడ దారిన వచ్చారు కదా, వాళ్లలో ఒక ఆఫీసరు జీపు చివ్వెంల దగ్గర ఆగిపోతే ఇతను బాగుచేశాడట. ఏం కావాలని అడిగితే, జీపు వెనకసీట్లో పడి ఉన్న ఈ పత్రికలు అడిగాడట. ఆఫీసరు పైసలిస్తానన్నా వద్దన్నాడట. ఈ సంగతి అతని భార్య నాకు తర్వాత చెప్పింది, ఇంకా కోపం తగ్గకుండా.

పత్రికల్లో నాలుగు కార్ల ఫొటోలు. అన్నీ నలుపు తెలుపు. మిస్త్రీ వాటికి బస్సుల రంగు డబ్బాలు తెచ్చి రంగులేశాడు. ఇటలీ కారు ఎరుపు, జర్మనీది వెండి, ఇంగ్లీషు వాళ్లది ఆకుపచ్చ, ఫ్రాన్సుది నీలం. ఏ దేశపు పందెం కారుకు ఆ రంగేనట. ఎలా తెలుసని అడిగితే ఇటలీ కథ చెప్పాడు. నేను ఆ కథ యాభైసార్లు విన్నాను, మీరు ఒక్కసారి వినండి.

యుద్ధంలో అతను మన పటాలంతో ఇటలీలో ఉన్నాడు, మోటారు రిపేరు దళంలో. ఒక పల్లెలో పాల కోసం వెళితే, రైతు కొట్టంలో గడ్డివాము కింద ఏదో ఎర్రగా కనిపించిందట. గడ్డి తప్పిస్తే కారు. ఎవరికీ దొరక్కుండా దాచిపెట్టారు. రైతు బతిమాలాడట, చెప్పవద్దని. ఇతను బదులుగా ఒకటే అడిగాడట, ఒక్కసారి స్టార్టు చేసి చూపించమని. చేశాడు. "కొట్టంల కోళ్లన్ని ఎగిరినయ్ నర్సమ్మ. బర్రెలు తాళ్లు తెంపుకున్నయ్. నాకైతె గుండెల నుంచి పోయింది సప్పుడు." అంతే. ఆ కారు నిలబడ్డ చోటు నుంచి జానెడు కదల్లేదు. మిస్త్రీ జన్మలో చూసిన పందెం కారు అదొక్కటే, పందెం ఒక్కటీ చూడలేదు.

కానీ ఆ ఒక్కటి చాలు. నాలుగు బొమ్మలూ షెడ్డు గోడకు కొట్టాడు. కింద నిలబడి, నట్టు బిగించుకోవడానికి వచ్చిన బండివాడికైనా, బస్సు కోసం కూర్చున్న ముసలమ్మకైనా చెప్పడమే. వేళ్లు ముడిచి మెటికలతో దేన్నైనా టకటక కొట్టి చప్పుడు వినడం అతని అలవాటు. బస్సు రేకును కొట్టేవాడు, కుండను కొట్టేవాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ నా బల్లనూ కొట్టేవాడు. ఇంజను సంగతి వస్తే రెండు చూపుడు వేళ్లు పిస్టన్లయి పైకీ కిందికీ ఆడేవి. ఎనిమిది సిలిండర్లు చెప్పాలంటే బొటనవేళ్లు తప్ప అన్ని వేళ్లూ కావాలి, చేతిలో టీ గ్లాసుంటే ఎవరికో ఒకరికి ఇచ్చేవాడు. తిరిగి తీసుకోవడం గుర్తుండేది కాదు.

"జర్మనీది సూడుండ్రి, దానికి బలం ఎక్కువ. నూరు మైళ్ల మీద పోతున్నప్పుడు గూడ జర గట్టిగ తొక్కితె ఎనక సక్రాలు ఉత్తగనే గిర్రున తిరుగుతయట. బలముంటె ఏం ఫాయిద, నేలకు పట్టాలె కద. అయినా ఇప్పుడు దాన్ని పందేలకు రానిస్తలేరు. ఓడినోళ్లు కద. ఇంగ్లీషోళ్లది ఆకుపచ్చది మంచిదే గని కుర్సీ మీద దొర కూసున్నట్టు ఎత్తుగుంటది. మూల తిరిగేకాడ ఎత్తున్నది పడ్తదా, కిందికున్నది పడ్తదా?"

"ఎత్తున్నది."

"గదే. ఇగ ఎర్రది. ఇంజను చిన్నది, ఒకటిన్నర లీటరే, రెండు లోటాల నీళ్లంత. గని తిత్తి పెట్టిన్రు."

అతను కమ్మరి ఇంట పుట్టినవాడు. ఆత్మకూరులో తండ్రికి కొలిమి ఉండేది, బండిచక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడు. అందుకని ఇంగ్లీషులో సూపర్‌ఛార్జర్ అని రాసి ఉన్నదాన్ని నేను కూడబలుక్కుని చదవగానే, నాకు ముక్క అర్థం కాకపోయినా, అతనికి వెంటనే అర్థమైంది. ఇంజనులోకి గాలిని బలవంతంగా ఊదే యంత్రం. అంటే కొలిమి తిత్తి. "తిత్తి ఊదితె మంట లేస్తది, నిజమే. గని బొగ్గు గూడ బిరాన ఖతమైతది. మా నాయిన నన్ను ఎన్నిసార్లు కొట్టిండో గందుకు. గీ ఎర్రదానికి గాలను పోస్తె రెండు మైళ్లు రాదని రాసిన్రు కద, రాయకుంటె గూడ నేను చెప్తుంటి. నడిమిట్ల ఆగి తాగాలె, మల్ల ఆగి తాగాలె."

"మరి నీలంది?"

ఇక్కడ గొంతు తగ్గేది. సొంత కొడుకును మెచ్చుకునేటప్పుడు దిష్టి తగులుతుందని కొందరు తగ్గిస్తారే, అలా.

"నీలందానికి తిత్తి లేదు. కడుపు పెద్దది, నాలుగున్నర లీటర్లు. ఊపిరి సొంతది. ఎర్రదానంత ఉరుకది. గని ఆగది, నర్సమ్మ. ఆగకుంట పొయ్యేటోడే ముందుగల్ల పోతడు."

ఈ నాలుగు కార్లలోనూ అతనికి అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే. వాటి చక్రాలకు మడ్‌గార్డులు లేవు. చక్రాలు నాలుగూ బయటికి, బట్టబయలుగా ఉంటాయి. "సక్రం కనపడాలె" అనేవాడు. "ఎడ్లబండికి మడ్‌గార్డుంటదా? సక్రం కనపడ్తె అది నిజం చెప్తది. ముసుగేస్తె లోపల ఏం చేస్తదో దేవునికి గూడ తెల్వది." ఈ మాట కార్లకే కాదు, మనుషులకూ వాడేవాడు. ఠాణాకు కొత్తగా వచ్చిన పోలీసు అమీనుగారు మంచివాడా కాదా అంటే "సక్రం కనపడ్తలేదు ఇంక" అనేవాడు. నా గురించి ఏమనేవాడో వాళ్లావిడ చెప్పింది, "నర్సమ్మ సక్రాలు నాలుగూ బయటనే" అని. పొగిడినట్టో తిట్టినట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈ పిచ్చి గోడ మీది బొమ్మల దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆ కార్తీకంలో సేటును ఎలా మాయ చేశాడో, మిర్యాలగూడ బస్సు ముందు మడ్‌గార్డులు విప్పించాడు. బరువు తగ్గుతుందని, బ్రేకులకు గాలి తగులుతుందని. నేను ప్రతి మంగళవారం టీకాల పెట్టె పట్టుకుని ఆ బస్సులోనే మిర్యాలగూడ పోయేదాన్ని. ఆ రోజు స్టీరింగు దగ్గర మిస్త్రీయే కూర్చున్నాడు, పరీక్ష కోసమని. నా గడియారం విప్పించి తన బనీనుకు పెట్టుకున్నాడు. దారిలో వాన పట్టుకుంది.

చక్రం కనపడితే ఏం చేస్తుందో ఆ రోజు అందరికీ కనపడింది. ఎర్రబురద కిటికీల్లోంచి పొలోమని లోపలికి వచ్చి పడింది. నా తెల్లచీర ఎర్రచీర అయింది. వెనకసీట్లో పెళ్లిచూపులకు పోతున్న అబ్బాయి ఏడవడం ఒకటే తక్కువ. మిర్యాలగూడ పొలిమేరలో ఎవరో పెద్ద హోదా ఆయన, తెల్లటి షేర్వానీలో, పూలదండ పట్టుకుని పైఅధికారి కోసం నిలబడి ఉన్నాడు. మేము పక్కనుంచి పోయాం. ఆయనా తెల్లగా మిగల్లేదు, దండా మిగల్లేదు.

బస్సు ఆగగానే మిస్త్రీ కిందికి దూకి, బురద ముఖంలో పళ్లు మాత్రం మెరుస్తుండగా గడియారం చూపించాడు.

"ఎనిమిది నిమిషాలు తక్కువ, నర్సమ్మ! ఎనిమిది!"

నేను ఏదో గట్టిగా అనబోయాను. ఆ ముఖం చూసి అనలేకపోయాను. ఆ సాయంత్రం సేటు మాత్రం అన్నాడు. "ఇగ స్టీరింగు ముట్టినవంటె నీకు నాకు తెల్లారినట్టే." మడ్‌గార్డులు మళ్లీ ఎక్కాయి. మిస్త్రీ మూడు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాడు.

అతణ్ణి కాస్త ఉత్సాహపరుద్దామని నేనొక వెధవపని చేశాను. రెండో పత్రికలో ఒక పందెం గురించి రాసి ఉంటే, అది చదివి చెప్పసాగాను. అందులో గెలిచింది ఎర్రకారు. నీలం నాలుగో స్థానంలో వచ్చింది. మిస్త్రీ నా ఎదుట గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి వింటున్నాడు. చివరికొచ్చాను. "ఆఖరికి ఎవలు?" అన్నాడు, వైద్యుడి నోటివంక రోగి బంధువు చూసినట్టు చూస్తూ.

"నీలం" అన్నాను.

కళ్లు పెద్దవి చేసుకుని పత్రిక వంక చూశాడు, నా వంక చూశాడు. "అట్లనా" అన్నాడు మెల్లగా. పత్రిక తీసుకుని పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఊరంతా టాంటాం వేస్తాడనుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇక కోదాడ నుంచి వచ్చిన డ్రైవరొకడి సంగతి చెప్పాలి. వెంకటప్పయ్య అని, సేటు బస్సులన్నిటికీ పెద్ద డ్రైవరు. మనిషి మంచివాడే కానీ నోటికి బ్రేకుల్లేవు. మిస్త్రీని ఏడిపించకుండా అతనికి పొద్దుపోదు. ఆ మాఘంలో సేటు బెజవాడలో రెండు కొత్త చాసిస్‌లు కొన్నాడు. కోదాడ దాకా వెంకటప్పయ్యా ఇంకొక డ్రైవరూ తెచ్చారు, అక్కడ ఆ రెండోవాడు కామెర్లతో పడిపోయాడు. నేను టీకాలకు ఆ రోజు కోదాడలోనే ఉన్నాను, ఆ పసుపు కళ్లు చూసి పడుకోబెట్టింది నేనే. వేరే దిక్కులేక సేటు మిస్త్రీకి కబురు పెట్టాడు. స్టీరింగు ముట్టుకోవద్దన్న సేటే, "మెల్లగ తీస్కరా" అని.

కోదాడ అడ్డా దగ్గర రెండు చాసిస్‌లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. టాపు లేదు, తలుపు లేదు, చక్రాలు అన్నీ బయటే. మిస్త్రీ వాటి చుట్టూ తిరుగుతుంటే దేవుడి ఎదుట నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"ఏమయ్యా మిస్త్రీ, ఇవాళ నీ పందెం కారు దొరికిందిగా!" అన్నాడు వెంకటప్పయ్య. "నాతో వస్తావా? సూర్యాపేట షెడ్డు గేటు దాకా. వేగం అంటే ఏంటో చూపిస్తాను. తొక్కడమే వేగం."

"తొక్కుడు కాదు. ఆగకపోవుడు."

"అయితే పందెం. నేను గెలిస్తే ఆ గోడ మీద బొమ్మలు దించెయ్యాలి. కార్ల మాట మళ్లీ నీ నోటినుంచి రాకూడదు. మా చెవులకు కాస్త సుఖం కావాలయ్యా."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. మిస్త్రీ నోట కార్ల మాట రాకపోవడమంటే బావిలో నీళ్లు లేకపోవడమే. పైగా నా మనసులో ఒకటే పీకులాట, నీలం గెలిచిందని నేను అబద్ధం చదవబట్టే కదా ఇతనికింత ధైర్యం అని.

"నేను గెలిస్తె?" అన్నాడు మిస్త్రీ.

"రోజూ సాయంత్రం గంటసేపు నీ ఎదురుగా కూర్చుని వింటాను. నోరెత్తను."

"మాట తప్పవు కద?"

"కోదాడోళ్లం. తప్పం."

సేటు మనిషి చెరి రెండు గాలన్ల పెట్రోలు కొలిచి పోశాడు, రేషను చీటీ మీద అంతే వచ్చింది. ఆ రోజు బస్సు లేదు, నేను సూర్యాపేట చేరాలి. మిస్త్రీ నాకోసం ఇంకో చెక్కపెట్టె వేసి, గోనెసంచి పరిచి, పట్టుకోవడానికి ఒక కమ్మీ చూపించాడు. కొంగు నడుముకు చుట్టి, గొడుగు తొడకింద పెట్టి ఎక్కాను. ఊరంతా చూశారు. చూడనీ అనుకున్నాను.

వెంకటప్పయ్య బాణంలా పోయాడు. మాకు మిగిలింది అతని దుమ్ము. మిస్త్రీ చెప్పులు విప్పి, ఉత్త పాదంతో పెడలు మీద ఆనీ ఆననట్టు నొక్కుతున్నాడు. "కింద కోడిగుడ్డు ఉన్నదనుకోవాలె, నర్సమ్మ." పల్లం వస్తే గేరు తప్పించి బండిని దానంతట దాన్నే జారనిచ్చేవాడు. ఎత్తుకు ముందే ఊపు తీసుకునేవాడు. మైలురాయి వచ్చినప్పుడల్లా "ఎన్ని నిమిషాలు?" అని అడగడం, నేను గడియారం చూసి చెప్పడం. ఎండ నెత్తిన దంచుతోంది. మా కళ్ల ముందు రెండు ముందు చక్రాలు, ఎంత చక్కగా తిరుగుతున్నాయో! గతుకు వస్తే ఒకటి లేస్తుంది, రెండోది కుదురుగా ఉంటుంది. రాయి వస్తే తప్పుకునేది కనపడుతుంది. అతనన్నది నిజమే, చక్రం కనపడితే మనసు నిబ్బరంగా ఉంటుంది. ఇరవై మూడేళ్ల నా జీవితంలో అంత సంతోషంగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు. తర్వాత కూడా చేయలేదు.

అయినా వెంకటప్పయ్య జాడ లేదు. మునగాల దాటాం, లేదు. పదిహేనో మైలు, ఇరవయ్యో మైలు, లేదు. పోయింది, బొమ్మలు దిగిపోయినట్టే అనుకున్నాను. సూర్యాపేట ఇంక మైలున్నర ఉందనగా రోడ్డు మధ్యలో చాసిస్, దాని పక్కన తలపట్టుకుని వెంకటప్పయ్య.

పెట్రోలు అయిపోయింది. తొక్కి తొక్కి రెండు గాలన్లూ తాగించేశాడు.

నేను చప్పట్లు కొట్టాను. "పోనీ మిస్త్రీ! పోనీ!" అన్నాను. వెంకటప్పయ్య కూడా లేచి పక్కకు తప్పుకుని, "పోవయ్యా, నువ్వే గెలిచావు పో" అన్నాడు.

మిస్త్రీ బండి ఆపాడు.

ఆ రోజుల్లో ఆ దారి మీద ఒక కట్టుబాటు ఉండేది. ఆగిన బండిని దాటిపోకూడదు. ఎవరిదైనా సరే, ఆపి "ఏమైంది?" అని అడగాల్సిందే. పదిమైళ్లకొక బండి తిరిగే రోడ్డు, మరి. కానీ పందెంలో కూడానా!

"ఏమైంది?" అన్నాడు మిస్త్రీ, తెలియనట్టు.

"ఏమైందో నీకు తెలీదా? పోవయ్యా బాబూ!"

మిస్త్రీ దిగి, తన ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. అడుగున కొంచెం ఉంది, పంచుకుంటే ఇద్దరికీ చాలదు. కట్టి లాగడానికి తాడు లేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, నా గోనెసంచి కూడా అడిగి తీసుకుని, ఇనుముకు ఇనుము తగలకుండా రెండూ కలిపి మెత్తగా వెంకటప్పయ్య బండి వెనక కమ్మీకి చుట్టి కట్టాడు. తన బండిని మెల్లగా తెచ్చి దానికి ఆనించాడు.

"స్టీరింగు పట్టుకో. నెట్టుకుంట వస్త."

"మిస్త్రీ" అన్నాను, ఏడుపు గొంతుతో. "అలా నెడితే అతని బండే ముందు చేరుతుంది. నువ్వు ఓడిపోతావు. ముందు మనం పోయి, గెలిచి, పెట్రోలు పంపిద్దాం."

"పందెం పందెమే, నర్సమ్మ. రోడ్డు రోడ్డే" అన్నాడు. అని, గేరు వేశాడు.

మైలున్నర దూరం అలా నెట్టుకుంటూ వచ్చాం. గేటు దగ్గర సేటు, జనం. ముందు వెంకటప్పయ్య బండి చక్రాలు గేటు దాటాయి, తర్వాత మావి. వెంకటప్పయ్య దూకి, "నేను గెలవలేదండీ, ఆయన నెట్టాడు, నేను గెలవలేదు" అని చేతులూపుతూనే ఉన్నాడు. 

తీర్పు మిస్త్రీయే చెప్పాడు. "ముందుగల్ల ఎవల సక్రం దాటింది? అందరికి కనపడ్డది కద. సక్రం కనపడ్డంక ఇగ మాటేంది?" లోపలికి వెళ్లి, నాలుగు బొమ్మలూ గోడ నుంచి తనే దించాడు. మేకులు వంకర పోకుండా తీసి దాచుకున్నాడు.

నాకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు షెడ్డుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. "మిస్త్రీ, ఆ రోజు నేను అబద్ధం చదివాను. నీలం గెలవలేదు. నావల్లే నువ్వు పందెం కాశావు." కార్ల మాట ఎత్తకూడదు కదా, నోరు తెరవలేదు. రేకు పెట్టెలోంచి ఆ పత్రిక తీశాడు. పందెం ఫలితాల పట్టిక మీద వేలు పెట్టాడు. స్పానర్ల మీది అంకెలు చదివే మనిషికి ఇంగ్లీషు అంకెలు రాకుండా ఉంటాయా? నాలుగో వరుసలో ఒక నంబరు. తర్వాత నీలంకారు బొమ్మ తీసి, దాని మూతి మీద రాసిన నంబరు చూపించాడు. రెండూ ఒకటే. ఆ రోజే చూసుకున్నాడన్నమాట. అందుకే ఎవరికీ చెప్పలేదు. నా ముఖం మాడిపోయింది. అతను మాత్రం నవ్వి, నా వంక తిరిగి దండం పెట్టాడు. నా అబద్ధానికి అంత మర్యాద ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు! సూర్యాపేటకు అంత నిశ్శబ్దం ఎప్పుడూ పట్టలేదు. మిస్త్రీ పని చేసేవాడు, ఇంటికి పోయేవాడు. మెటికలతో కొట్టడం కూడా తగ్గింది. వాళ్లావిడ దవాఖానకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "జర మాట్లాడమనుండ్రి నర్సమ్మ. గా కార్ల లొల్లి ఉన్నప్పుడు పరేషాన్ అనిపిస్తుండె. ఇప్పుడు ఇల్లు బోసిపోయింది." అందరికంటే తల్లడిల్లింది వెంకటప్పయ్య. రోజూ సాయంత్రం వచ్చి షెడ్డులో కూర్చుని కావాలని తప్పులు మాట్లాడేవాడు. "ఎర్రదానికి తిత్తి లేదంటగా." "జర్మనీది యుద్ధానికి ముందు అన్నిటికంటే నెమ్మదంట." మిస్త్రీ పెదవులు కదిలేవి. వేళ్లు రెండూ పిస్టన్లలా లేచేవి. మళ్లీ దిగిపోయేవి. మాట మాటే.

నేనూ ఊరికే కూర్చోలేదు. బెజవాడ మిషన్ ఆసుపత్రిలో నాకు చదువు చెప్పిన దొరసానమ్మకు ఉత్తరం రాశాను, పాత మోటారు పత్రికలుంటే పంపమని. నాకు పిచ్చెక్కిందేమోనని ఆవిడ ముందు క్షేమసమాచారం అడిగింది. దసరా దాటాక ఒక కట్ట పంపింది. తిరగేస్తుంటే ఒకచోట ఆగిపోయాను. రెండుసార్లు చదివాను. ఏప్రన్ కూడా విప్పకుండా షెడ్డుకు పరుగెత్తాను.

వెంకటప్పయ్య అక్కడే ఉన్నాడు. నేను చెవిలో చెప్పిన సంగతి విని, లేచి మిస్త్రీ ముందు నిలబడ్డాడు. "చూడు, పందెం గెలిచినవాణ్ణి నేను కాబట్టి మాట నాది. వెనక్కి తీసుకుంటున్నాను. నీకు పుణ్యముంటుంది, నోరు తెరువు."

మిస్త్రీ నా చేతిలోని పత్రిక వంక చూశాడు.

"నీలం గెలిచింది, మిస్త్రీ" అన్నాను. "నిజంగా గెలిచింది. ఎర్రవాళ్లు పెట్రోలుకు ఆగారు. ఇది ఒక్కసారి కూడా ఆగకుండా పోయి గెలిచింది. నువ్వు చెప్పినట్టే."

నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత అతని నోట కార్ల మాట విన్నాను. "మల్ల గెలిపిస్తున్నరా, నర్సమ్మ?"

"ఒట్టు! కావాలంటే నువ్వే చూడు."

కుంకుళ్లతో చేతులు కడుక్కుని వచ్చాడు. పట్టికలో ఒకటో అంకె పక్కన వేలు పెట్టాడు. అక్కడి నంబరు చూసి, పై ఫొటోలో కారు మూతి మీది నంబరు చూశాడు. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. అలా ఎన్నిసార్లు చూశాడో.  మిస్త్రీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి, దాపరికం ఎందుకు.

"ఆగకుంటనే పోయిందా?"

"ఆగకుండానే."

"దారిల ఎవల బండన్న ఆగి ఉన్నదా?"

వెతికి చదివాను. ఒక కారు చెడిపోయి రోడ్డు పక్కన నిలిచిపోయిందని రాసి ఉంది.

"మరి గీ నీలం తోలెటాయన ఆగి అడిగిండా, ఏమైందని?"

"పందెంలో అలా ఆగరు, మిస్త్రీ."

 అతను వంగి, మేకుల డబ్బా తీశాడు. నీలం బొమ్మను గోడ మీద అన్నిటికంటే పైన పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. వెనక్కి జరిగి, మెటికలతో గోడను టకటక కొట్టి చూసుకున్నాడు.

"బండి ఫస్టు బండి" అన్నాడు. "తోలినోడే మన రోడ్డోడు కాదు."